టానిక్ అడిగిన తండ్రికి, మీ అందరికీ

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన నెల ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు కబడ్డీ ఆడుతూ పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. సెలవు చీటీ ఇవ్వడానికొచ్చిన వాళ్ల నాన్న గుమ్మం దాకా వెళ్లి ఆగి, "మేడం, ఎముకలు గట్టిపడే టానిక్ ఏదైనా ఉంటే చెప్పండి, ఎంతైనా కొంటాను" అన్నారు. నేను డాక్టర్ని కాను. విరిగిన చేతికి డాక్టర్ చెప్పిందే వైద్యం. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. ఎముకకు బలమిచ్చే కాల్షియం తిండిలోనే ఉంటుంది కదా, పిల్లలు ఏం తింటున్నారో చూద్దామని మర్నాటి నుంచి వారం రోజులు మధ్యాహ్నం పిల్లల వరుసలోనే కూర్చుని తిన్నాను.

పప్పు వడ్డించగానే వాళ్ల వేళ్లు ముందు వెతికేది కరివేపాకును. ఒక్కో ఆకూ ఏరి, పళ్లెం అంచున అతికించి, చివరికి కుళాయి దగ్గర బకెట్లో దులిపేస్తున్నారు. మునగాకు పప్పు చేసిన రోజు ఆ పచ్చటి కుప్ప ఇంకా పెద్దదైంది. రాగిజావ ఇచ్చే రోజుల్లో కూడా చాలా గ్లాసులు సగం నిండుగానే తిరిగొస్తున్నాయి. ఆరో తరగతి పాపనొకదాన్ని అడిగితే, "మా ఇంట్లో ఎవరూ తాగరు మేడం" అంది.

ఇది మదనపల్లె వైపు ఊరు. మా చిన్నప్పుడు సంగటి కెలకని ఇల్లు ఉండేది కాదు. ఇప్పుడు మూడు పూటలా తెల్లన్నమే. వంద గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే, అంతే పాలిష్ బియ్యంలో పది కూడా కష్టమే. చిరుధాన్యాలన్నీ ఒకటేనని కొర్రలు, సజ్జలు కొంటున్నవాళ్లకు ఒక మాట: వాటి మేలు వాటికుంది, కాల్షియంలో మాత్రం రాగులకు ఏదీ సాటి రాదు. నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టి పట్టించిన పిండైతే ఒంటికి ఇంకా బాగా పడుతుంది.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం పది నుంచి పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు 850 మిల్లీగ్రాములు, పదమూడు నుంచి పదిహేనేళ్ల వాళ్లకు వెయ్యి కావాలి. పెద్ద అంకెలా కనిపిస్తుంది గానీ, సంగటి ముద్దలో అరవై గ్రాముల పిండి పడితే రెండు వందలు వచ్చినట్టే. పెద్ద గ్లాసు పాలు మూడు వందలు. పొట్టు తీయని నువ్వులు రెండు పెద్ద చెంచాలు బెల్లంతో దంచి ఉండ చేస్తే మరో రెండు వందలు. మిగతాది పెరుగు, మునగాకు, ముళ్లతో నమిలే చిన్న చేపలు పూడుస్తాయి. పాలకూరను మాత్రం ఈ లెక్కలో వేసుకోవద్దు. అందులోని ఆక్సలేట్లు అనే పదార్థాలు కాల్షియాన్ని పట్టుకుని వదలవు.

ఆడపిల్ల పెద్దమనిషైనప్పుడు చిమ్మిలి దంచి పెడతాం. మంచి పనే. ఆ పది రోజులతోనే ఎందుకు ఆపేస్తాం? వాళ్ల తమ్ముడికి ఎందుకు పెట్టం? ఎముకలో చేరవలసిన బలంలో ఎక్కువ భాగం పద్దెనిమిది, ఇరవై ఏళ్లలోపే చేరిపోతుంది. ఆ తర్వాత చేసేదంతా ఉన్నదాన్ని కాపాడుకోవడమే. తిండిలో కాల్షియం తగ్గితే రక్తం తనకు కావలసింది ఎముక నుంచే లాక్కుంటుంది. పైకి ఏమీ తెలియదు. నలభై, యాభై ఏళ్లు దాటాక తెలుస్తుంది.

ఇక పాల సంగతి. కాస్త చనువుగా రాస్తున్నాను, నొచ్చుకోకండి. మన పిల్లల్లో చాలామంది ఇళ్లలో ఆవులున్నాయి. పొద్దున్నే క్యాను పట్టుకుని కేంద్రంలో పాలు పోసి బడికొచ్చే పిల్లలే ఇరవై మంది దాకా ఉన్నారు. వాళ్లలో రోజూ పాలు తాగేదెవరని అడిగితే నాలుగు చేతులు లేచాయి. పాల బిల్లు మీదే ఇల్లు నడుస్తుందని నాకు తెలుసు, నేనూ పాడి ఉన్న ఇంట్లోనే పెరిగాను. అయినా అడుగుతున్నాను. క్యాను నింపేముందు పిల్లకొక గ్లాసు తీసి పక్కన పెట్టండి. పాలు పడని పిల్లకు ఆ గ్లాసే తోడు పెట్టి పెరుగు చేయండి. డబ్బాల్లో అమ్మే పొడులకు పోసే డబ్బు దీనికంటే ఎక్కువ, పైగా వాటిలో చాలావాటిలో చక్కెర ఎక్కువ.

వారానికోసారి బడిలో నీలం రంగు ఐరన్ మాత్ర ఇస్తాం. ఆ మాత్రతో పాలు తాగించకండి, కాల్షియం ఐరన్‌ను ఒంటికి సరిగా పట్టనివ్వదు. రెండు గంటలు ఎడం ఉంచండి. పిల్లల్ని ఎండ ఉండగానే బయట ఆడనివ్వండి. ఎండ తగలకపోతే డి విటమిన్ చాలదు, అది లేకపోతే తిన్న కాల్షియం లోపలికి సరిగా చేరదు.

కరివేపాకును ఏరి పారేయకుండా ఉండాలంటే ఒకటే దారి: వేయించి, నువ్వులతో కలిపి పొడి కొట్టడం. మా వంట అక్కలు సోమవారం నుంచి అన్నం మొదటి ముద్దలోకి ఆ పొడే వడ్డిస్తారు. వెనక గోడ పక్కన మునగ చెట్టు కొమ్మలు కొట్టించాం. నాటుకోవడానికి కావలసినవాళ్లు శనివారం సాయంత్రం నాలుగింటికి రండి, మోచేతి మందం కొమ్మలు ముప్పై దాకా ఉన్నాయి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు