ఆ 13 టాపుల సంగతి, ఇకమీద గుడ్డ కొనే పద్ధతి

అందరికీ నమస్తే. మెల్‌బోర్న్‌లో మా గ్యారేజీలో నేను కుట్టే కుర్తాలు, టాపులు కొంటున్న మీ అందరికీ ఒక తప్పు చెప్పుకోవాలి.

పోయిన ఏడాది చివర్లో ఇటుక రంగు మీద తెల్ల చుక్కలున్న కాటన్‌తో 13 టాపులు కుట్టి, "అబొరిజినల్ డిజైన్", అంటే ఆస్ట్రేలియా మూలవాసుల డిజైన్ అని అమ్మాను. మీలో ఒకావిడ అది వేసుకుని ఆఫీసుకు వెళ్తే, అక్కడ పనిచేసే అబొరిజినల్ మహిళ ఒకరు చాలా మర్యాదగా అడిగారట, "బాగుంది, ఎవరు గీశారు? ఏ ప్రాంతం వాళ్లు?" అని. ఆవిడ సాయంత్రం నాకు ఫోన్ చేశారు. నా దగ్గర జవాబు లేదు. గుడ్డ తాను అంచు మీద చూశాను, గీసినవాళ్ల పేరు లేదు. అమ్మిన హోల్‌సేల్ వాళ్లను అడిగితే రెండు వారాలు తిప్పి, చివరికి "ఆ శైలి చూసి మా డిజైనర్లే గీశారు" అన్నారు.

కొనే రోజే అడగాల్సిన మాట అది. పండగ ఆర్డర్ల టెన్షన్‌లో, రంగు నచ్చింది, ధర అందుబాటులో ఉంది, అడగలేదు. మీకు అబద్ధం అమ్మాను. ఆ 13 మందికీ మొత్తం డబ్బు వెనక్కి పంపుతున్నాను, ఇప్పటికే 9 మందికి చేరింది. మిగిలిన నాలుగు మీటర్ల గుడ్డ ఎవరికీ అమ్మను.

"చుక్కలే కదా, దానికింత ఎందుకు?" అని ఇద్దరు అడిగారు. పోచంపల్లి చిటికీ డిజైన్‌ను మిల్లు గుడ్డ మీద అచ్చేసి "ఇక్కత్" అని అమ్మితే మగ్గం మీద కూర్చున్న మనిషి కడుపు ఎలా కాలుతుందో మనకు తెలుసు. ఇక్కడ అంతకంటే పెద్ద సంగతి ఇంకొకటి ఉంది. కొన్ని బొమ్మలు గీసే హక్కు ఆ కుటుంబానికో, ఆ వంశానికో మాత్రమే ఉంటుంది. ఉత్తర ఆస్ట్రేలియాలోని ఆర్నెమ్ ల్యాండ్‌లో గనల్బింగు అనే అబొరిజినల్ వంశానికి చెందిన చిత్రకారుడు జానీ బులున్ బులున్ వేసిన కొలను, బాతుల బొమ్మను అడగకుండా అచ్చు వేసిన గుడ్డను ఒక కంపెనీ దిగుమతి చేసుకుంది. ఆ కేసులో ఫెడరల్ కోర్టు 1998లో తీర్పు ఇచ్చింది. కాపీరైట్ చిత్రకారుడిదే అయినా, ఆ బొమ్మ విషయంలో ఆయన తన వంశానికి జవాబుదారీ అని జడ్జి చెప్పారు. అది చదివాక ఆ నాలుగు మీటర్ల వైపు చూడలేకపోయాను.

ఇకమీద కళాకారుల పేరు, ఊరు చెప్పగలిగిన గుడ్డే కొంటాను. ఇప్పుడు మూడు చోట్ల నుంచి తెప్పిస్తున్నాను: మనింగ్రిడాలోని బాబ్బారా మహిళా కేంద్రం, గన్‌బలాన్యాలోని ఇంజలాక్ ఆర్ట్స్, బాథర్స్ట్ దీవిలో 1969 నుంచి నడుస్తున్న టివి (Tiwi, అక్కడి ప్రజల పేరు) డిజైన్స్. మూడూ ఆస్ట్రేలియా ఉత్తరాన, డార్విన్ నగరం వైపు. పొడవాటి బల్ల మీద గుడ్డ పరిచి, స్క్రీన్ (బొమ్మ మేరకే రంగు దిగే జాలీ చట్రం) పెట్టి, రంగు పోసి రబ్బరు పలకతో చేత్తో లాగుతారు. రెండు రంగులుంటే రెండు స్క్రీన్లు, మొదటిది ఆరాక రెండోది. అందుకే ఒకే డిజైన్ రెండు తానుల్లో ఒకేలా ఉండదు. ఒకచోట రంగు కాస్త పలచబడితే అది లోపం అనుకోకండి, అది చేతి గుర్తు.

నాకు బాగా నచ్చిన డిజైన్ కున్‌మాడ్జ్. గన్‌బలాన్యా వైపు మాట్లాడే "కున్‌విన్జ్‌కు" అనే భాషలో అది అడవిలో దుంపలు, కాయలు ఏరుకురావడానికి ఆడవాళ్లు అల్లుకునే సంచి. దాని బొమ్మ గుడ్డ మీద జానెడు కంటే పెద్దది. డార్ట్ (ఒంటికి పట్టేలా వేసే మడత కుట్టు) వేస్తే సంచి బొమ్మ మధ్యకు తెగిపోతుంది. మొదటి కుర్తాకు అలాగే కోసి, చూసి, పక్కన పెట్టేశాను. అందుకే ఈ గుడ్డలతో డార్టులు లేని నిలువు కుర్తాలు, ఎ-లైన్ (కిందికి వెడల్పయ్యే) టాపులే కుడతాను. నడుము దగ్గర బిగుతు కావాలంటే పక్క నాడాలు పెడతాను. బొమ్మ ఛాతీ మీద మధ్యకు రావాలంటే గుడ్డ కొంత వృథా అవుతుంది. ఆ ముక్కలు దాస్తున్నాను, పారేయను. కాళ్లు తుడుచుకునే పట్టాలకు మాత్రం వాడను.

ధర పెరుగుతుంది. చేత్తో ప్రింట్ చేసిన లినెన్ నాకు మీటరు 105 డాలర్లు పడుతోంది. కుర్తాకు రెండుంపావు మీటర్లు, అంటే గుడ్డకే 236. లైనింగ్, గుండీలు, కుట్టుకూలి కలిపి 340కి ఇస్తాను. ఇదివరకు 140కి కొన్నవాళ్లకు ఇది భారమే, నాకు తెలుసు. ఏడాదికి ఒకటే కొనండి, పరవాలేదు.

ఆలస్యం కూడా అవుతుంది. అక్కడ వానాకాలంలో ఈస్ట్ అలిగేటర్ నది పొంగితే గన్‌బలాన్యాకు రోడ్డు ఉండదు. ఊళ్లో ఎవరైనా పోతే కేంద్రం మూతపడవచ్చు, మనకు మైల ఉన్నట్టు వాళ్లకూ పాటింపులు ఉంటాయి. పోయిన మనిషి పేరు కొంతకాలం పలకరు. అలాంటప్పుడు మీ కుర్తా లేబుల్ మీద పేరు లేకుండా ఊరు మాత్రమే ఉండొచ్చు, ఎందుకో నేను ఫోన్‌లో చెబుతాను. త్వరగా పంపమని కేంద్రానికి ఫోన్ మీద ఫోన్ చేయను. ఆర్డర్ ఇచ్చిన రోజు నుంచి 10 వారాలు లెక్క పెట్టుకోండి.

ఒక వదినగారు కున్‌మాడ్జ్ ఫొటో పంపి, "ఇది సూరత్‌లో ప్రింట్ చేయిస్తే మా పాప లంగాఓణీకి మీటరు 300 రూపాయలకు వస్తుంది, కుట్టి పెట్టు" అన్నారు. కుట్టను, వదినగారూ. పాపకు కావాలంటే అసలు గుడ్డతో జాకెట్టు కుడతాను, ముప్పావు మీటరు చాలు, ఓణీ మామూలు కాటన్‌లో రంగు కలిపి చూద్దాం.

డబ్బు ఇంకా అందని ఆ నలుగురూ బ్యాంకు వివరాలు పంపండి. టాపు తిరిగి పంపాలనుకుంటే పోస్టేజీ నాదే.