మునగాకు పొడికి కొత్త పౌచ్: మా నిర్ణయాలు, వాటి వెనుక కారణాలు

మా మునగాకు పొడి వాడుతున్న వారందరికీ నమస్కారం. ఇంతకాలం అట్టపెట్టెలో అమర్చిన గాజు సీసాలో మీకు అందుతున్న 100 గ్రాముల పొడి ఇకపై జిప్ ఉన్న పౌచ్‌లో వస్తుంది. దాని రూపం ఎలా ఖరారైందో, అందులో మీకు నచ్చకపోయే అవకాశమున్న విషయాలేమిటో ముందుగానే చెప్పడం న్యాయమని ఈ లేఖ రాస్తున్నాను.

ఆకు ఆరబెట్టి పొడి పట్టించే ఆవిడ, పోషకాహార నిపుణురాలు, డిజైనరు, పార్సిళ్లు కట్టే అబ్బాయి, నేను కలిసి కూర్చుని దీన్ని తేల్చాము. పొడి రంగు బయటికి కనిపించేలా పౌచ్‌కు పారదర్శకమైన భాగం ఉండాలని మీలో చాలామంది కోరారు. డిజైనరు మొదట గీసిన నమూనాలోనూ అది ఉంది. వెలుతురు సోకితే ఆకుపచ్చదనం వెలిసిపోతుందని, శరీరంలో విటమిన్ ఎ గా మారే కెరోటిన్ తరిగిపోతుందని తెలిసే కదా మనం ఆకును నీడలో ఆరబెడుతున్నాము, అలాంటి పొడిని దుకాణంలో దీపాల కింద నెలల తరబడి ఎలా నిలబెడతామని ఆకు ఆరబెట్టే ఆవిడ అడిగారు. ఆ ప్రశ్నతో చర్చ ముగిసింది. పౌచ్ ఎక్కడా పారదర్శకంగా ఉండదు.

బయట పాలిస్టర్, మధ్యలో అల్యూమినియం రేకు, లోపల పాలిథిన్ పొరలు ఉండడం వల్ల వెలుతురు, తేమ, గాలి మూడింటినీ ఈ పౌచ్ అడ్డుకుంటుంది. అయితే ఒకదానికొకటి అంటుకున్న ఈ పొరలను విడదీయడం కష్టం కాబట్టి దీన్ని రీసైకిల్ చేయడం గాజుతో పోలిస్తే చాలా కష్టం. ఖాళీ సీసాలో పోపు దినుసులు పోసుకునేవారికి ఆ సౌకర్యమూ పోతుంది. ఇది నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. కానీ రవాణాలో సీసా పగిలితే గాజు ముక్కలు పొడిలో కలిసే ప్రమాదాన్ని పార్సిళ్లు కట్టే అబ్బాయి గుర్తుచేసినప్పుడు, తినే వస్తువు విషయంలో అంతకు మించిన కారణం అక్కరలేదని అందరం ఒప్పుకున్నాము.

ఎక్కువ సమయం తీసుకున్నది ముందువైపు ఏమి రాయాలన్న విషయమే. నారింజ కంటే ఏడు రెట్లు విటమిన్ సి అనే మాటను మునగాకు గురించి మీరు ఎన్నోచోట్ల చదివి ఉంటారు. ఆ పోలిక పచ్చి ఆకుకు సంబంధించినది. ఆరబెట్టేటప్పుడు విటమిన్ సి చాలావరకు నశిస్తుంది కనుక పొడి మీద ఆ మాట వేయడం తప్పని మా పోషకాహార నిపుణురాలు గట్టిగా చెప్పారు. మధుమేహం, రక్తపోటు తగ్గుతాయన్న మాటలూ ఉండవు. హెల్త్ సప్లిమెంటుగా అమ్మే వస్తువు మీద మందుగా వాడడానికి కాదన్న హెచ్చరిక స్పష్టంగా ఉండాలని నిబంధన. 2006 నాటి ఆహార భద్రతా చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల దాకా జరిమానా ఉంది. చట్టం లేకపోయినా మేము ఆ మాటలు రాసేవాళ్లం కాదు. దానికి బదులుగా, రక్తం గడ్డకట్టకుండా మందులు వాడుతున్నవారు వైద్యుణ్ణి అడిగిన తరువాతే తీసుకోవాలన్న సూచనను పెద్ద అక్షరాలలో వేయించాము, ఎందుకంటే మునగాకులో ఉండే విటమిన్ కె కొన్ని అలాంటి మందుల పనితీరును మారుస్తుంది.

చట్టప్రకారం లేబుల్ వివరాలు ఇంగ్లీషులో గాని, దేవనాగరి లిపిలో హిందీలో గాని తప్పనిసరి. తెలుగు అదనంగా వేసుకోవచ్చు. ఉన్న కాస్త చోటులో రెండు భాషలు పట్టాలంటే అక్షరాలు చిన్నవి చేయాలి, చిన్నవి చేస్తే తెలుగు ఒత్తులు సిరాలో కలిసిపోయి చదవరావు. మా కొనుగోలుదారులలో పెద్దవయసు వారే ఎక్కువ కాబట్టి, వెనుకవైపున్న ఆకుల బొమ్మలన్నీ తీసివేసి, వాడే విధానాన్నీ హెచ్చరికలనూ తెలుపు నేల మీద నల్లటి తెలుగు అక్షరాలలో వేయించాము. డిజైనరుకు ఆ బొమ్మలంటే ఎంతో ఇష్టం. అయినా వాటిని తీసివేయాలని చెప్పింది ఆయనే. ముద్రణలో ప్రతి రంగుకూ విడిగా ఒక సిలిండర్ (అచ్చు వేసే రోలర్) చేయించాలి కాబట్టి రంగులు తగ్గించడం వల్ల కొంత ఖర్చూ మిగిలింది.

ఇళ్లలో చెంచాలు ఒకే పరిమాణంలో ఉండవు గనుక కొలత చెంచా ఇస్తాము, కానీ ప్రతి పౌచ్‌లోనూ ప్లాస్టిక్ పెరగకుండా మొదటిసారి కొనేవారికే పంపుతాము. ఇంతకుముందు నుంచి కొంటున్నవారు ఆర్డరులో అడిగితే ఒకటి జతచేస్తాము.

ధర విషయానికి వస్తే, సీసా ఖర్చు, రవాణా బరువు తగ్గినా సిలిండర్లకూ పెద్దమొత్తంలో ముద్రణకూ పెట్టుబడి ముందే పెట్టవలసి వచ్చింది. అందువల్ల ప్రస్తుతానికి ధర తగ్గించలేము, పెంచబోము. నిల్వలో ఉన్న సీసాలు అయిపోయిన తరువాతే పౌచ్‌లు పంపడం మొదలుపెడతాము. తెరిచిన పౌచ్‌ను తడి తగలని చోట, జిప్ పూర్తిగా మూసి ఉంచండి, తడి చెంచా వాడకండి. వెనుకవైపు అక్షరాలు చదవడానికి ఇబ్బందిగా ఉంటే తప్పక తెలియజేయండి, తరువాతి ముద్రణకు ముందు సరిచేస్తాము.