డూప్లికేట్ వాచీ లోపల ఏ మిషనో చెప్పి అమ్మండి

సంపాదకులు గారికి,

గుంటూరులో ముప్పై ఏళ్లుగా వాచీలు బాగుచేస్తున్నాను. ఈమధ్య నా బల్ల మీదికి ‘ఫస్ట్ కాపీ’లే ఎక్కువ వస్తున్నాయి. మొన్న ఒక కుర్రాడు రోలెక్స్ డేటోనా నకలు తెచ్చాడు. డేటోనా అంటే స్టాప్‌వాచీ కూడా ఉండే మోడల్; మామూలు సెకన్ల ముల్లు విడిగా ఒక చిన్న డయల్‌లో తిరుగుతుంది. కొన్న నాలుగు నెలలకే సెకన్ల ముల్లు ఆగిపోయిందట.

మూత తీస్తే సంగతి అర్థమైంది. లోపలున్నది స్విస్ 7750 మిషన్‌కి చైనా నకలు. ఆ మిషన్‌లో సెకన్ల ముల్లు 9 దగ్గర ఉంటుంది. అసలు డేటోనాలో, 2000లో 4130 మిషన్ వచ్చినప్పటి నుంచీ, 6 దగ్గర తిరుగుతుంది. పైకి ఒకేలా కనబడాలని నకలువాళ్లు మధ్యలో అదనపు పళ్లచక్రాలు ఇరికిస్తారు. దాంతో రాపిడి పెరిగి, ఆ చిన్న చక్రాలు అరిగిపోతాయి. విడిభాగాలా, దొరకవు. ఇక నూనె ఒకచోట వరద, ఇంకోచోట చుక్క లేదు!

అన్నీ ఇంతేనని అనను. మూడు ముళ్ల నకలులో నిజమైన జపాన్ మియోటా 8215 మిషన్ పడితే ఏళ్లపాటు నడుస్తుంది. గంటకి 21,600 సార్లు కొట్టుకుంటుంది కనుక ముల్లు కాస్త గెంతినట్టుంటుంది, అంతే. బ్యాటరీవి ఇంకా నయం. చిక్కల్లా అమ్మేవాడు లోపల ఏముందో చెప్పకపోవడమే. బిల్లు మీద మిషన్ పేరు రాయమని గట్టిగా అడిగితే సగం టెన్షన్ తగ్గుతుంది. అసలు బిల్లు ఇస్తే కదా అంటారా, అదీ నిజమే.

ఆ కుర్రాడి వాచీలో అదనపు చక్రాలు తీసేశాను. టైము బాగానే చూపిస్తోంది. సెకన్ల ముల్లు మాత్రం ఇక బొమ్మే.

– ఒక వాచీ మెకానిక్, గుంటూరు