కొత్త టవర్లకు రాకపోకల ప్రణాళికను తప్పనిసరి చేయాలి

సంపాదకులకు నమస్కారం.

హైదరాబాద్ పశ్చిమ శివార్లలోని తెల్లాపూర్‌లో ఒక గేటెడ్ కమ్యూనిటీలో మేము గృహప్రవేశం చేసి మూడేళ్లు దాటింది. ఫ్లాటు కొనేటప్పుడు మాకిచ్చిన బ్రోచర్‌లో ఔటర్ రింగ్ రోడ్డుకు ఎన్ని నిమిషాలు, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కు ఎన్ని నిమిషాలు, విమానాశ్రయానికి ఎన్ని నిమిషాలు అని పట్టిక వేసి ఉంది. బస్టాపు ఎంత దూరమో అందులో లేదు, మేమూ అడగలేదు. మా ఇంట్లో వంట చేసే ఆవిడ బస్సు దిగి, ఫుట్‌పాత్ లేని రోడ్డు అంచున టిప్పర్ల పక్కగా రోజూ దాదాపు రెండు కిలోమీటర్లు నడిచి వస్తున్నారని తెలిశాక గానీ, అది మొట్టమొదట అడగవలసిన ప్రశ్న అని మాకు తోచలేదు. ఊళ్లో ఎంఎంటీఎస్ లోకల్ రైలు స్టేషన్ ఉంది. అయితే మా గేటు నుంచి అక్కడిదాకా క్షేమంగా నడిచే దారి లేకపోవడంతో, కాలేజీకి వెళ్లే మా అబ్బాయికి చివరికి బండి కొనివ్వక తప్పలేదు.

ఈ పరిస్థితికి ఒక్క బిల్డర్‌ను తప్పుపట్టి లాభం లేదు, ఎందుకంటే నిబంధనలే అలా ఉన్నాయి. 2006లో వచ్చిన జీవో 86 హైదరాబాద్‌లో నిర్మిత విస్తీర్ణంపై ఎఫ్‌ఎస్‌ఐ పరిమితిని, అంటే స్థలానికి ఎన్ని రెట్లు కట్టవచ్చనే హద్దును, తీసేసి, ముందున్న రోడ్డు వెడల్పును, చుట్టూ వదిలే ఖాళీ స్థలాన్ని బట్టి భవనం ఎత్తును నిర్ణయించే పద్ధతి తెచ్చింది. 2012 నాటి జీవో 168 దాన్నే కొనసాగించింది. పార్కింగ్‌కు మొత్తం విస్తీర్ణంలో ఇంత శాతం కేటాయించాలని ఈ నిబంధనలు స్పష్టంగా చెబుతాయి కాబట్టి, సెల్లార్ మీద సెల్లార్ తవ్వి కార్లకు చోటు చూపిస్తే ఆ షరతు నెరవేరినట్లే. ఆ భవనంలో ఉండబోయే వేల మంది ఉదయం ఆఫీసుకు, బడికి, ఆసుపత్రికి ఎలా వెళతారని, అక్కడ పనిచేయడానికి వచ్చే వందల మంది ఎలా చేరుకుంటారని అడిగే గడి మాత్రం అనుమతి దరఖాస్తులో లేదు.

వెయ్యి ఫ్లాట్ల ప్రాజెక్టును తీసుకుని మామూలు లెక్క వేసి చూడండి. ఉదయం ఎనిమిది నుంచి పది గంటల మధ్య 800 కార్లు ఒకే గేటు నుంచి బయటికి వస్తే, తొమ్మిది సెకన్లకు ఒక కారు చొప్పున రోడ్డెక్కుతుంది. అదే రోడ్డు మీద అలాంటి ప్రాజెక్టులు ఆరు ఉంటే సెకనున్నరకు ఒక కారు. కారుకు ఒక్కరే ఉన్నారనుకుంటే, ఒక ప్రాజెక్టు నుంచి బయలుదేరిన ఆ 800 మందికి, బస్సుకు యాభై మంది చొప్పున, సరిపోయేవి పదహారు బస్సులు. 2023 ఆగస్టులో కోకాపేట నియోపొలిస్ లేఅవుట్‌లో ఎకరం 100 కోట్ల రూపాయలు దాటి పలికింది. అంత ధర పెట్టిన స్థలంలో ఇంకా ఎత్తుగా, ఇంకా ఒత్తుగా కట్టక తప్పదు గనుక, ఈ లెక్క ముందు ముందు మరింత బరువెక్కుతుంది.

ఇంగ్లండ్‌లో గణనీయంగా రాకపోకలు పెంచే నిర్మాణాలకు ట్రావెల్ ప్లాన్, అంటే రాకపోకల ప్రణాళిక, అడగాలని జాతీయ ప్లానింగ్ విధానమే చెబుతోంది. ఎంతమంది వస్తారు, ఏ వాహనంలో వస్తారు, సొంత కారు ప్రయాణాలను ఎంత వరకు తగ్గించగలరు, అందుకు ఏ పని ఎప్పటికి పూర్తి చేస్తారు, ఎవరు బాధ్యులు అనేవి అందులో రాసి ఇవ్వాలి. జనం చేరాక సర్వే చేసి, చెప్పినది జరిగిందో లేదో చూపించాలి. సింగపూర్‌లో 2016 నుంచి పెద్ద నిర్మాణాల దరఖాస్తుతో పాటు నడక, సైకిల్ ప్రణాళికను జతచేయడం నిబంధనగా ఉంది. మెట్రో, బస్సు బాగా అందే చోట్ల కొత్త భవనాలకు సొంత కార్ల పార్కింగ్ ఉండకూడదనేదాన్ని లండన్ 2021 ప్రణాళికలో మూలసూత్రంగానే పెట్టుకుంది. మనం అంత దూరం ఇప్పుడే వెళ్లలేమని ఒప్పుకుంటాను. గేటు నుంచి బస్టాపు దాకా నీడ, వెలుతురు ఉన్న ఫుట్‌పాత్, గేటు దగ్గరే బస్సు ఆగే బే, స్టేషన్‌కు ఉదయం సాయంత్రం షటిల్, పనివాళ్లకు కూడా అందుబాటులో ఉండే సైకిల్ స్టాండు, ఇంతవరకైనా అడగవచ్చు.

ఇదంతా జనం ఇళ్లలోకి చేరకముందే జరగాలి. కొత్త ఇంట్లో దిగిన మొదటి కొన్ని నెలల్లోనే మనిషి ప్రయాణపు అలవాటు స్థిరపడుతుంది. ఆ నెలల్లో బస్సు లేకపోతే అప్పు చేసి అయినా కారు కొంటాడు, కొన్న తర్వాత బస్సు వచ్చినా ఎక్కడు. రాయదుర్గం నుంచి కోకాపేట నియోపొలిస్ వరకు 11.6 కిలోమీటర్ల మెట్రో మార్గాన్ని ప్రతిపాదించారు, సంతోషమే. అది పట్టాలెక్కేలోపు ఆ టవర్లలో ఎన్ని వేల కార్లు చేరతాయో కూడా ఆలోచించాలి. ఔటర్ పక్కన 2023 అక్టోబరులో ప్రారంభమైన 23 కిలోమీటర్ల సోలార్ సైకిల్ ట్రాక్‌ను మెచ్చుకోని వారు లేరు. కాలనీల గేట్ల నుంచి ఆ ట్రాక్ దాకా క్షేమమైన దారి ఉండి ఉంటే, నాకు తెలిసిన నలుగురైదుగురు దాని మీదుగానే ఆఫీసుకు వెళ్లేవారు.

బస్సు నడపడం ఆర్టీసీ పని, ఫుట్‌పాత్ వేయడం మునిసిపాలిటీ పని, మాకేం సంబంధమని బిల్డర్లు అంటే ఆ మాటలో న్యాయం లేకపోలేదు. ఎత్తైన భవనాల నుంచి మౌలిక వసతుల ప్రభావ రుసుము వసూలు చేస్తూనే ఉన్నారు. అందులో ఒక భాగాన్ని ఆ భవనం ముందున్న రోడ్డుకే ఖర్చు పెట్టి, ప్రణాళికపై బిల్డర్, ఆర్టీసీ, స్థానిక సంస్థ ముగ్గురూ సంతకం చేయాలి. అమలు కోసం కొత్త చట్టం కూడా అక్కరలేదు. 20,000 చదరపు మీటర్లు దాటిన నిర్మాణాలకు పర్యావరణ అనుమతి ఎలాగూ కావాలి, దానితో పాటే ఈ ప్రణాళికనూ పరిశీలించవచ్చు. నిర్మిత విస్తీర్ణంలో పది శాతాన్ని అనుమతి ఇచ్చే సంస్థకు తనఖా పెట్టి, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అంటే భవనంలో నివసించవచ్చనే అనుమతి పత్రం, వచ్చాక విడిపించుకునే పద్ధతి ఇప్పటికే ఉంది. అందులో కొంత భాగాన్ని, లేదా దానికి బదులు బ్యాంకు గ్యారంటీని, మూడేళ్ల పాటు ఆపి ఉంచి, ఒప్పుకున్న ఫుట్‌పాత్, షటిల్ నిజంగా నడుస్తున్నాయని తేలాకే విడుదల చేయాలి. ప్రకటనల్లో చెప్పిన మాటకు బిల్డర్ బాధ్యత వహించాలని స్థిరాస్తి రంగాన్ని నియంత్రించే 2016 నాటి రెరా చట్టం 12వ సెక్షన్ చెబుతోంది. కనుక ఈ ప్రణాళికను రెరా వెబ్‌సైట్‌లో పెడితే, కొనేవాళ్లు నిమిషాల పట్టికతో పాటు దాన్ని కూడా చదువుకుని నిర్ణయం తీసుకుంటారు.

మా చుట్టుపక్కల మరికొన్ని టవర్లు పైకప్పు దశకు చేరాయి. వాటికి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇచ్చే ముందే ఈ ప్రణాళిక అడగవలసిందిగా నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏను, మునిసిపల్ శాఖను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. మా ఇళ్ల నుంచి ఎవరు ఎక్కడికి, ఎప్పుడు, ఎలా వెళుతున్నారో, పనికి వచ్చేవారు ఎక్కడి నుంచి వస్తున్నారో ఇంటింటా అడిగి రాసి ఇవ్వడానికి మా నివాసుల సంఘం సిద్ధంగా ఉంది.

భవదీయుడు,
ఒక పాఠకుడు, తెల్లాపూర్