బతికున్నప్పుడు కూడా మా వాళ్లను లెక్కపెట్టండి

సంపాదకుల వారికి నమస్కారం.

గల్ఫ్ వలసల గురించి మీ జిల్లా పేజీల్లో వచ్చే వార్తలు నేను వదలకుండా చదువుతాను. ఎక్కువగా వచ్చేవి రెండే రకాలు. ఏజెంటు చేతిలో మోసపోయినవాళ్ల వార్త ఒకటి, శంషాబాద్ విమానాశ్రయానికి చేరిన శవపేటిక వార్త ఇంకొకటి. రెండూ రాయాల్సినవే. మీరు రాయకపోతే ఆ ఇళ్ల గోడు ఎవరికీ పట్టదు. కానీ గల్ఫ్‌కు పోయినవాళ్లలో చాలామంది ఏళ్ల తరబడి అక్కడ పనిచేస్తూ ఇక్కడి ఇంటిని నడిపించేవాళ్లే. వాళ్లు ఊరితో ఎలా కలిసి ఉంటున్నారో, ఆ సంబంధం తెగిపోకుండా ఇంటి దగ్గర ఆడవాళ్లు ఏం చేస్తున్నారో ఎవరూ రాయడం లేదు. అందుకే ఈ ఉత్తరం.

మాది జగిత్యాల జిల్లాలో ఒక ఊరు. మహిళా సంఘాల పుస్తకాలు రాసే వీఓఏగా పనిచేస్తున్నాను, మిగిలిన టైంలో బీడీలు చేస్తాను. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని మా పాత కరీంనగర్ జిల్లా గురించి అంటుంటారు. మా ఇంట్లో తాత బొంబాయి పోయాడు, బాపు సౌదీ పోయాడు, మా ఆయన ఇప్పుడు దుబాయిలో షట్టరింగ్ పని చేస్తున్నాడు. బాపు సౌదీలో ఉన్నప్పుడు సెలవు మీద వచ్చేవాళ్ల చేతికి మాటలు రికార్డు చేసిన క్యాసెట్ ఇచ్చి పంపేవాడు. అమ్మ పక్కింటి టేప్ రికార్డర్ అడిగి తెచ్చుకొని వినేది. జవాబు చెప్పాలంటే మళ్లీ అటు పోయేవాళ్లు ఎవరో దొరకాలి.

ఇప్పుడు ఫోన్ ఉంది. దుబాయి నుంచి వాట్సాప్‌లో మెసేజ్ వస్తుంది గానీ కాల్ కలవదు, అక్కడ దాన్ని బంద్ పెట్టారు. అందుకని మా వైపు చదువు రాని ముసలమ్మలకు కూడా బోటిమ్ అనే కాల్ యాప్ వాడటం వచ్చు. అక్కడి టైం మనకంటే గంటన్నర వెనక. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని చేయించకూడదని అక్కడ రూల్ ఉంది. ఆ విరామంలో ఆయన సైట్‌లో నీడ చూసుకొని కూర్చొని ఫోన్ చేస్తాడు. మాకప్పుడు రెండు దాటుతుంది. పిల్లలు బడిలో ఉంటారు కాబట్టి అప్పుడు మా మాటలన్నీ పసుపు చేను గురించే. ఎస్సారెస్పీ (శ్రీరాంసాగర్ ప్రాజెక్టు) కాలువ వదిలారా, మోటార్ సరిగ్గా పోస్తోందా అని అడుగుతాడు. పోయిన వానాకాలం ఆకుల మీద మచ్చలు పడితే ఫోన్ దగ్గర పెట్టి చూపించాను. ఆకు తిప్పి వెనక చూపించమన్నాడు, ఇంకో సాలులో చూపించమన్నాడు, ఎరువుల షాపాయనకు అక్కడి నుంచే ఫోన్ చేసి మందు చెప్పించాడు. చేనుకు నీళ్లు పెట్టేది నేనే అయినా, సేద్యం ఇద్దరం కలిసి చేస్తున్నట్టే.

పోయేవాళ్లతో పంపే ముల్లెల సంగతి కూడా చెప్పాలి. ఊళ్లో ఎవరైనా సెలవు అయిపోయి తిరిగి పోతున్నారంటే ముందు రోజు సాయంత్రం ఆ ఇంటి ముందు సందడే సందడి. సకినాలు, గరిజెలు, మామిడికాయ తొక్కు, ఎల్లిపాయ కారం తెచ్చి, కవర్ మీద మనిషి పేరూ క్యాంప్ పేరూ రాసి ఇస్తాం. విమానంలో కిలోల లెక్క ఉంటుంది కదా, అందరివీ తూకం వేసి సరిపోయేట్టు సర్దే పని ఎక్కువసార్లు నామీదే పడుతుంది. తొక్కు నూనె కారకుండా డబ్బా మూతకు మైనం రాసి, పైన ప్లాస్టిక్ కవర్ రెండు చుట్లు చుట్టి, టేప్ వేస్తాం. ఎవరి ముల్లె చిన్నదైతే వాళ్ల అమ్మ మొహం అంతే చిన్నదవుతుంది.

మా అత్తమ్మ చనిపోయినప్పుడు ఆయనకు కంపెనీ సెలవు ఇవ్వలేదు. ఆ కంపెనీ పేరు ఇక్కడ రాయను. తలకొరివి మా మరిది పెట్టాడు. ఆయన అక్కడ రూమ్‌లోనే గుండు చేయించుకున్నాడు. మా ఊరి పిల్లలే ఆయనతో రూమ్‌లో ఉంటారు, ఆ రాత్రి ఎవరూ పడుకోలేదని తర్వాత చెప్పారు. పిట్టకు పెట్టే రోజు నేను ఫోన్ పట్టుకొని చెరువు గట్టు మీద నిలబడ్డాను. విస్తరి పెట్టి అందరం దూరం జరిగాం. ఎంతసేపటికీ కాకి రాలేదు. “నేను రాలేదని అమ్మ అలిగింది” అన్నాడు. మా మరిది విస్తరి దగ్గరికి పోయి, అన్న ఫోన్‌లో చూస్తున్నాడని గట్టిగా చెప్పి వచ్చాడు. కాసేపటికి కాకి దిగి అన్నం ముట్టింది. ఇందులో ఏముందని కొందరికి అనిపించవచ్చు. ఆ రోజు ఆయన అది చూడకపోయి ఉంటే జీవితాంతం మనసులో పెట్టుకునేవాడు.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్ల సభలకు పత్రికల్లో చోటుకు కొదవ లేదు. అక్కడి తెలుగువాళ్ల సంఘం తానా మొదటి సభలు 1977లోనే జరిగాయి, అంత కాలం నుంచి వాళ్లు భాషనూ పండుగలనూ నిలబెట్టుకోవడం సంతోషమే. కానీ వాళ్లలో చాలామందికి అక్కడ ఇల్లు ఉంటుంది, కాలం గడిస్తే పౌరసత్వం కూడా వస్తుంది. గల్ఫ్‌లో కూలి పనికి పోయినవాళ్లకు ఆ దారి లేదు. ఇరవై ఏళ్లు చేసినా వీసా అయిపోతే తిరిగి రావాల్సిందే. వాళ్లు రేపు వచ్చి బతకాల్సింది ఈ ఊళ్లోనే కాబట్టి, ఇక్కడి కాగితాల్లో వాళ్ల పేరు ఉండటం మాకు చాలా పెద్ద విషయం.

ఆ కాగితాల్లో మొదటిది రేషన్ కార్డు. ఈకేవైసీ అని ఇంట్లో ప్రతి ఒక్కరూ వచ్చి వేలిముద్ర వేయాలన్నారు. బతుకుదెరువు కోసం వేరే రాష్ట్రం పోయినవాళ్లు అక్కడైనా వేయవచ్చు. దేశం దాటినవాళ్లకు ఎక్కడా వీల్లేదు. వేలిముద్ర లేకపోతే పేరు తీసేస్తారన్న టెన్షన్‌తో సంఘంలో ఎంతమంది నా దగ్గరికి వచ్చారో! ఇక్కడ తినని మనిషికి ఆరు కిలోల బియ్యం ఇవ్వమని నేను అడగను. అవి ఆపితే న్యాయమే. కానీ పేరు తీసేయడం వేరు. 2024లో పంట రుణమాఫీకి కుటుంబం ఎవరెవరో తేల్చింది రేషన్ కార్డు చూసే. అలాంటి కార్డులో ఇంటి యజమాని పేరే లేకపోతే రేపు ఇంకో పథకానికి మేం ఏం చూపించాలి? పాస్‌పోర్ట్, వీసా కాపీ తీసుకొని ‘విదేశంలో పనిలో ఉన్నాడు’ అని కార్డులో రాసి పేరు ఉంచితే సరిపోతుంది.

రెండోది ఓటు. విదేశాల్లో ఉన్న భారత పౌరులు సొంతూరి జాబితాలో పేరు ఉంచుకోవచ్చని 2010లో చట్టం మార్చారు. ఫారం 6ఏ నింపితే పేరు ఎక్కుతుంది. కానీ ఓటు వేయాలంటే పాస్‌పోర్ట్ పట్టుకొని స్వయంగా బూత్‌కు రావాలి. టికెట్ డబ్బులు పెట్టుకొని, సెలవు దొరకబుచ్చుకొని ఏ కూలి మనిషి వస్తాడు? తన తరఫున ఇంకొకరు ఓటు వేసేలా తెచ్చిన బిల్లు 2018లో లోక్‌సభలో గట్టెక్కింది గానీ, ఆ లోక్‌సభతోనే మురిగిపోయింది. సైనికులకు పంపుతున్నట్టు ఎలక్ట్రానిక్ పద్ధతిలో బ్యాలెట్ పంపవచ్చని ఎన్నికల సంఘం 2020లో కేంద్రానికి రాసింది. మా వాళ్లకు మాత్రం ఇంతవరకు ఆ బ్యాలెట్ రాలేదు. మా ఊరి బడిలో పిల్లలు తాగే నీళ్ల ప్లాంటు గల్ఫ్‌లో ఉన్నవాళ్లు తలా కొంత వేసుకొని పెట్టించిందే. రాయి మీద అందరి పేర్లూ చెక్కించారు. ఆ బడిలోనే పోలింగ్ బూత్ పెడతారు. ఆ రాయి మీద ఉన్న పేర్లలో ఓటు వేయగలిగేది సెలవు మీద వచ్చిన ఒకరో ఇద్దరో.

రాష్ట్ర ప్రభుత్వం గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు 5 లక్షలు ఇస్తోంది, హైదరాబాద్ ప్రజాభవన్‌లో ప్రవాసుల ఫిర్యాదులు వినే ప్రజావాణి పెట్టింది. మంచి పనులే, కాదనను. నేను అడిగేది అక్కడ బతికి పనిచేస్తున్నవాళ్ల గురించి. గ్రామ పంచాయతీలో విదేశాలకు పోయినవాళ్ల రిజిస్టర్ ఒకటి పెట్టి, ఎవరు ఏ దేశంలో ఏ పనిలో ఉన్నారో రాసి, ఏటా సరిచూస్తే సగం చిక్కులు తీరతాయి. కావాలంటే వీఓఏలం మేమే రాసి ఇస్తాం, ఏ ఇంట్లో ఎవరు పోయారో మాకు తెలుసు.

మీ పత్రిక చేయగల పని కూడా ఒకటి ఉంది. పదో తరగతి పాస్ కాకుండా గల్ఫ్ పోయేవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంది. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 కడితే ప్రమాదంలో చనిపోయినా, పూర్తిగా అవిటివాడైనా 10 లక్షలు వస్తాయి. విజిట్ వీసా మీద పోతే ఇది ఉండదు. ఇది తెలియక ఏజెంటు మాట నమ్మి విజిట్ వీసా మీద పోతున్న పిల్లలు ఇప్పటికీ ఉన్నారు. ఇలాంటి వివరాలు వారానికోసారి జిల్లా పేజీలో ఒక చిన్న బాక్స్ కట్టి వేయండి. మా గ్రామైక్య సంఘం మీటింగ్ ప్రతి నెలా జరుగుతుంది, మీ విలేకరిని ఒకసారి పంపండి. మా ఆడవాళ్లు రేషన్ కార్డులు, ఆయన పాస్‌పోర్ట్ జిరాక్స్‌లు చేత పట్టుకొనే వస్తారు.

ఇట్లు,
ఒక వీఓఏ,
జగిత్యాల జిల్లా