ఫార్మాట్ చేయించే ముందు ఒక నోటుపుస్తకం పెట్టండి

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక కంప్యూటర్ శీర్షికలో ఈమధ్య ఒక పాఠకుడి ప్రశ్న చదివాను. తన డెస్క్‌టాప్ అప్పుడప్పుడూ దానంతటదే ఆగి మళ్లీ మొదలవుతోందట. నాలుగు రోజులు బాగా నడుస్తుందట, ఐదో రోజు రెండుసార్లు ఆగుతుందట. విండోస్ మళ్లీ వేయించమనీ, అప్పటికీ తగ్గకపోతే లోపలి భాగాలన్నిటినీ కలిపే పెద్ద బోర్డును, అంటే మదర్‌బోర్డ్‌ను, మార్పించమనీ మీ శీర్షికలో జవాబు వచ్చింది. అది చదివి ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. అచ్చం ఆ జబ్బుతోనే నా సిస్టమ్ మూడు నెలలు నన్ను ఏడిపించింది. నాకూ ఆ రెండు సలహాలే ఇచ్చారు. రెండింటి అవసరమూ లేదని చివరికి తేలింది.

పంతొమ్మిదేళ్లుగా నాది డీటీపీ పని, అంటే కంప్యూటర్‌లో పుస్తకాల పేజీలు కూర్చడం. రోజుకు పది గంటలు ఒకే సిస్టమ్ ముందు కూర్చుంటాను. మొదటిసారి అది ఆగినప్పుడు ఒక పేరా మధ్యలో ఉన్నాను. హెచ్చరిక లేదు, తప్పు జరిగిందని విండోస్ రాసి చూపే నీలం తెర లేదు. స్క్రీన్ చటుక్కున నల్లబడింది, ఫ్యాన్ ఒక్కసారి గట్టిగా తిరిగింది, కంపెనీ లోగో వచ్చింది. కరెంటు పోయిందేమో అనుకుంటే గదిలో లైటు వెలుగుతూనే ఉంది. మూడు రోజుల తర్వాత మళ్లీ అలాగే జరిగింది. ఆ వారంలోనే ఇంకో రెండుసార్లు.

సర్వీసుకు ఇచ్చాను. రెండు గంటలు ఆన్‌లో ఉంచాం, ఒక్కసారీ ఆగలేదు, సాఫ్ట్‌వేర్ సమస్యే అయ్యుంటుంది అని ఫార్మాట్ చేసి, అంటే డిస్క్ తుడిచి విండోస్ మళ్లీ వేసి ఇచ్చారు. ఫార్మాట్ అంటే నాలాంటి వాళ్లకు ఏమిటో చెప్పాలి. ఫాంట్లన్నీ మళ్లీ ఎక్కించుకోవాలి. పేరు అదే అయినా వెర్షన్ వేరైతే అక్షరం వెడల్పు వెంట్రుకవాసి మారుతుంది. పంక్తి చివరి మాట కిందికి జారుతుంది, పేరాకు ఒక పంక్తి పెరుగుతుంది. అలా జరుగుతూ పోయి 212 పేజీల పుస్తకంలో విషయసూచికలోని అంకెలన్నీ తప్పాయి. ఆ పుస్తకాన్ని మొదటి పేజీ నుంచీ మళ్లీ సరిచూశాను. అది ముగిసిన మర్నాడే సిస్టమ్ మళ్లీ ఆగింది.

రెండోసారి ర్యామ్, అంటే పని జరుగుతున్నంతసేపు వాడే మెమరీ స్టిక్‌లు, మార్చారు. ఆరు రోజులు హాయిగా నడిచి, ఏడో రోజు పొద్దున్నే ఆగింది. మూడోసారి ఎస్‌ఎంపీఎస్‌ను, అంటే గోడ కరెంటును సిస్టమ్‌కు తగిన వోల్టేజీలకు మార్చే డబ్బాను, మల్టీమీటర్ పెట్టి చూశారు. 12 వోల్టుల లైను 12.1 చూపించింది. 11.4 నుంచి 12.6 దాకా ఉండవచ్చు కాబట్టి అది బాగున్నట్టే. ఇక మిగిలింది మదర్‌బోర్డ్, మార్చేద్దామన్నారు. అక్కడ ఆగాను. నన్ను ఆపింది ఒకటే అనుమానం. ఒకసారి ఫార్మాట్, ఒకసారి ర్యామ్. మందులు వేరు వేరు. కానీ రెండుసార్లూ ఉపశమనం మాత్రం సరిగ్గా అయిదారు రోజులే. ఎందుకని?

ఆ రోజు సిస్టమ్ ఇంటికి తెచ్చుకుని, కీబోర్డ్ పక్కన ఒక నోటుపుస్తకం పెట్టాను. ఆగిన ప్రతిసారీ తారీఖు, సమయం, ఆన్ చేసి ఎంతసేపైంది, ఏం చేస్తున్నాను, చేయి ఎక్కడుంది, నీలం తెర వచ్చిందా లేదా, లైట్లు మిణుకుమన్నాయా, అన్నీ రాశాను. ఆగని రోజున ‘లేదు’ అని రాశాను. ఆ ‘లేదు’లు తర్వాత చాలా పనికొచ్చాయి.

38 రోజుల్లో 19 సార్లు ఆగింది. అన్నీ ఒకచోట చూసేసరికి, అంతకుముందు ఎవరికీ కనిపించనిది కనిపించింది. 19లో 16 సార్లు పొద్దున ఆన్ చేసిన మొదటి నలభై నిమిషాల్లోనే. మధ్యాహ్నం గంటల తరబడి ప్రింట్లు తీస్తున్నప్పుడు, ప్రాసెసర్ బాగా వేడెక్కినప్పుడు ఒక్కసారీ లేదు. అంటే వేడి వల్ల వచ్చే జబ్బు కాదు, చల్లగా ఉన్నప్పటి జబ్బు. మిగిలిన మూడింటిలో రెండుసార్లు కేబినెట్ ముందువైపు పెన్‌డ్రైవ్ గుచ్చుతున్నాను. మూడోసారి ఎవరో బల్లమీద పుస్తకాల కట్ట దబ్బున పెట్టారు. ఒక్కసారైనా నీలం తెర రాలేదు. నీలం తెర వచ్చిందంటే, తప్పు జరిగిందని చెప్పేపాటి ఓపిక ప్రాసెసర్‌కు అప్పటికి ఉన్నట్టు. నా సిస్టమ్‌కు ఆ వ్యవధే దొరకడం లేదు. వేడెక్కితే సర్దుకుంటోంది, కదిలితే తెగుతోంది, మాట చెప్పకుండా ఆగుతోంది. ఈ మూడూ కలిపి చూస్తే లూజ్ కాంటాక్ట్.

మర్నాడు పొద్దున సిస్టమ్ చల్లగా ఉండగానే పక్క మూత తీసి ఆన్ చేశాను. ఉంగరం తీసేసి, లోహం లేని ప్లాస్టిక్ పెన్ను ఒకటి పట్టుకుని, ఒక్కో ప్లగ్‌నూ మెల్లగా తడుతూ వెళ్లాను. ర్యామ్ స్టిక్‌లు, ఏమీ కాలేదు. హార్డ్ డిస్క్ కేబుల్, ఏమీ కాలేదు. ఎస్‌ఎంపీఎస్ నుంచి మదర్‌బోర్డ్‌కు వచ్చే 24 పిన్నుల పెద్ద ప్లగ్‌ను తట్టగానే స్క్రీన్ నల్లబడింది. మళ్లీ మొదలయ్యాక మళ్లీ తట్టాను. మళ్లీ ఆగింది. 38 రోజులు నేను ఎదురుచూసిన లోపం అప్పుడు నా చేతిలో ఉంది, పిలిస్తే వస్తోంది.

గోడ సాకెట్ నుంచి వైరు పీకేసి ఆ ప్లగ్ ఊడదీసి వెలుతురులో చూశాను. ఒక్కటి తప్ప ఇత్తడి మొనలన్నీ ఒకే వరసలో ఉన్నాయి. ఎనిమిదో పిన్ను, బూడిదరంగు వైరుది, మిగతా వాటికంటే ఒక గోటి మందం వెనక్కి వెళ్లి ఉంది. మొనను ప్లాస్టిక్ గూట్లో పట్టి ఉంచడానికి దాని పక్కన సన్నని ముల్లులాంటి రేకు ఉంటుంది. అది వంగిపోవడంతో, ప్లగ్ నొక్కినప్పుడల్లా మొన వెనక్కి జరుగుతోంది. అవతలి పిన్నును ఆనీ ఆననట్టు ఆనుతోంది.

ఆ ఒక్క వైరు చేసే పని తెలిశాక మూడు నెలల కథంతా అర్థమైంది. దాన్ని పవర్ గుడ్ వైరు అంటారు. స్విచ్ నొక్కాక 12, 5, 3.3 వోల్టుల లైన్లు మూడూ నిలకడకు వచ్చాయని ఎస్‌ఎంపీఎస్ దీని ద్వారానే బోర్డుకు కబురు పంపుతుంది. ఆ కబురు రానిదే బోర్డు ప్రాసెసర్‌ను పనిలోకి దించదు. పని మధ్యలో ఆ కబురు రెప్పపాటు తెగినా, వోల్టేజి పడిపోతోందనుకుని వెంటనే రీసెట్ చేస్తుంది. ఎస్‌ఎంపీఎస్ బాగుంది. బోర్డు బాగుంది. ర్యామ్ బాగుంది. ఏ వస్తువును విడిగా పరీక్షించినా బాగుందనే తేలుతుంది. లోపం ఉన్నది ఎస్‌ఎంపీఎస్‌నూ బోర్డునూ కలిపేచోట.

అయిదారు రోజుల ఉపశమనం సంగతి కూడా అక్కడే తేలింది. సర్వీసుకు తీసుకెళ్లిన ప్రతిసారీ సిస్టమ్ దారిలో కుదుపులు తిన్నది, ఎవరో మూత తీసి ప్లగ్‌లు పీకి మళ్లీ పెట్టారు. దాంతో మొన కొంచెం సర్దుకునేది. రోజూ వేడెక్కి చల్లారుతూ మళ్లీ మెల్లగా సడలేది. ఇది కంప్యూటర్లకు కొత్త కాదు. 1980లో వచ్చిన ఆపిల్ 3కి ఫ్యాన్ ఉండేది కాదు. లోపలి చిప్‌లు సాకెట్లలో సడలిపోతుంటే, యంత్రాన్ని కాస్త ఎత్తి బల్లమీద వదలమని అప్పట్లో సలహా ఇచ్చేవారు. ఆ దెబ్బకు చిప్‌లు సర్దుకునేవి. మదర్‌బోర్డ్ మార్పించుకుని ఉంటే నాకూ అదే జరిగేది. కొత్త బోర్డుకు పాత ప్లగ్గే పెట్టేవారు, వారం బాగా నడిచేది, ఆపైన మళ్లీ మొదలు. మంచి బోర్డు ఒకటి చెత్తలోకి వెళ్లేది.

సూదితో ఆ రేకును బయటికి వంచి, మొనను టక్కుమనేదాకా లోపలికి నెట్టాను. ప్లగ్ వరకే నేను ముట్టుకున్నది. ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఎవరూ విప్పకండి. గోడ సాకెట్ నుంచి తీసేసినా, కరెంటును నిలవ ఉంచే లోపలి పెద్ద కెపాసిటర్లలో ప్రమాదకరమైన వోల్టేజి నిలిచి ఉండవచ్చు.

అక్కడితో పని అయిపోయిందనుకోలేదు. సర్వీసు వాళ్లతో నాకున్న అసలు పేచీ ఇదే. వాళ్లు అబద్ధం చెప్పలేదు, వాళ్ల బల్లమీద అది నిజంగానే ఆగలేదు. కానీ సగటున రెండు రోజులకు ఒకసారి వచ్చే లోపం రెండు గంటల్లో కనిపించకపోవడంలో వింత ఏముంది? నా రోజుకు పది పనిగంటలు కాబట్టి, ఇరవై గంటలకు ఒకసారి అన్నమాట. ఏ వేళ ఎప్పుడు వస్తుందో తెలియకుండా వచ్చే లోపమైతే, రెండు గంటల పరీక్షలో పదింట తొమ్మిదిసార్లు అది మొహం చూపించదు. బాగు చేయకపోయినా సగటు వ్యవధి అంతసేపు ప్రశాంతంగా గడిచే అవకాశం నూటికి 37. అంతకు రెండింతలు గడిచే అవకాశం 13కు పైనే. మూడింతలు గడిస్తే అది 5కు దిగుతుంది. అంటే నా సిస్టమ్‌కు ఆరు రోజులు దాటితే గానీ నమ్మకం కుదరదు. నేను మూడు వారాలు ఆగాను. పొద్దుటి పూట ప్లగ్‌ను పెన్నుతో తట్టి కూడా చూశాను. ఆగలేదు. ఆ తర్వాతే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

ఆ పాఠకుడి సిస్టమ్‌లోనూ బూడిదరంగు వైరే సడలిందని నేను అనడం లేదు. ఆయన నోటుపుస్తకం వేరే కథ చెప్పవచ్చు. బరువైన పని చేసిన అరగంటకు ఆగుతుంటే దుమ్ము, ప్రాసెసర్ మీద వేడిని బయటికి చేరవేసే పేస్టు ఎండిపోయిందా అన్నది చూసుకోవాలి. నీలం తెర మీద రోజుకో రకం తప్పు కనిపిస్తుంటే ముందుగా అనుమానించవలసింది ర్యామ్‌ను. మెమ్‌టెస్ట్86 అనే ఉచిత పరీక్షను పెన్‌డ్రైవ్ మీద ఎక్కించి, విండోస్ మొదలవకముందే రాత్రంతా నడపాలి. అందులో ఒక్క తప్పు కూడా ఉండకూడదు. ఉంటే ర్యామ్ వేగం పెంచే సెట్టింగు తీసేసి, ఒక్కో స్టిక్ విడిగా పెట్టి మళ్లీ చూడాలి. ర్యామ్ తప్పులు అరుదనుకోవద్దు. గూగుల్ సర్వర్ల మీద 2009లో వచ్చిన అధ్యయనంలో, ఏడాదిలో నూటికి ఎనిమిదికి పైగా స్టిక్‌లలో తప్పులు నమోదయ్యాయి. హార్డ్ డిస్క్ మధ్యమధ్య మాయమవుతుంటే, అది తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్ వివరాల్లో సీఆర్‌సీ తప్పుల లెక్క, అంటే దారిలో డేటా చెడిన సార్లు, చూడాలి. అది పెరుగుతుంటే సాధారణంగా కేబుల్ మారిస్తే సరిపోతుంది, డిస్క్ మార్చనక్కరలేదు.

యూపీఎస్ ఉన్నా లైటు మిణుకుమన్నప్పుడు ఆగుతోందా? చాలామంది యూపీఎస్‌ను తిడతారు. మామూలు యూపీఎస్ బ్యాటరీ మీదికి మారడానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. ఆ కాసేపు సిస్టమ్‌ను నిలపడం ఎస్‌ఎంపీఎస్ కెపాసిటర్ల పని. 16 మిల్లీసెకన్ల వరకైనా అవి ఆదుకోవాలి. ముసలివైపోతే ఆదుకోలేవు.

ఇంకో పొరపాటు కూడా చెప్పాలి. సిస్టమ్‌లో జరిగినవి నమోదయ్యే విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో ‘కెర్నల్ పవర్ 41’ అని కనిపించగానే ఎస్‌ఎంపీఎస్ పోయిందని తీర్మానించేస్తున్నారు. పేరులో పవర్ ఉంది, అంతే. కిందటిసారి సిస్టమ్ సక్రమంగా షట్‌డౌన్ కాలేదని మాత్రమే దాని అర్థం. ఎందుకు కాలేదో అది చెప్పదు.

సర్వీసు చేసేవారికి నా విన్నపం ఒకటి. ఒకసారికి ఒక్కటే మార్చండి, ఏది మార్చారో, ఏ ప్లగ్ పీకి పెట్టారో రసీదు మీద రాసివ్వండి. ర్యామ్ మార్చిన రోజున 24 పిన్నుల ప్లగ్ కూడా తీసి పెట్టామని ఎవరైనా ఒక ముక్క రాసి ఉంటే నేను రెండు నెలల ముందే అటు చూసేదాన్ని.

మీ శీర్షిక నిర్వాహకులకూ ఒక మాట. అప్పుడప్పుడూ వచ్చిపోయే లోపం గురించి ప్రశ్న వస్తే, జవాబుకు ముందు ఎదురు ప్రశ్నలు అచ్చువేయండి. ఎన్ని రోజులకొకసారి? ఆన్ చేసిన ఎంతసేపటికి? చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? తప్పు రాసి చూపే తెర వచ్చిందా, ఏమీ చెప్పకుండా నల్లబడిందా? కిందటిసారి ఏం మార్చాక ఎన్నాళ్లు బాగుంది? ఆ పాఠకుడికి కూడా ఇవే పంపండి. ఫార్మాట్‌కు ఇవ్వకుండా రెండు వారాలు ఓపిక పట్టి రాసుకోమనండి, ఈలోగా ఫైళ్లన్నీ ఇంకోచోట కాపీ చేసి పెట్టుకోమనండి. ఆయన రాసిన ఆ పేజీ మీరు అచ్చువేస్తే నేను తప్పకుండా చూస్తాను, నాకు తోచింది రాసి పంపుతాను.

ఇట్లు,
ఒక డీటీపీ ఆపరేటర్, మీ పాఠకురాలు