రెండో భాగం నొక్కితే మొదటి భాగమే వస్తోంది, మీరేమో ‘పరిష్కారమైంది’ అంటున్నారు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

మీ యాప్‌లో ‘ది ట్రాన్స్‌ఫార్మర్స్’ పాత కార్టూన్ సిరీస్ ఉంది. అందులో ‘ది రిటర్న్ ఆఫ్ ఆప్టిమస్ ప్రైమ్’ రెండు భాగాల ఎపిసోడ్. రెండో భాగం నొక్కినా మొదటి భాగమే మళ్లీ వస్తోంది. సమస్య ఇంతే. ఇంతకన్నా నన్ను బాధపెట్టింది మీవాళ్లు నన్ను తిప్పిన తీరు.

మొదట చాట్‌లో దొరికినాయన యాప్ తీసేసి మళ్లీ వేసుకోమన్నాడు. వేసుకున్నాను. తర్వాత ఫోన్ ఎత్తినావిడ మా ఇంటర్నెట్ స్పీడ్ తక్కువన్నారు. స్పీడ్ తక్కువైతే బొమ్మ ఆగిపోతుంది గానీ ఒక ఎపిసోడ్ బదులు ఇంకోటి వస్తుందా అండీ? అదే అడిగితే హోల్డ్‌లో పెట్టారు, కాసేపటికి లైన్ కట్టయింది. మళ్లీ చేస్తే ఇంకో మనిషి, కథంతా మొదటినుంచి చెప్పుకోవాలి. టీవీ ముందు నిలబడి, రిమోట్ నొక్కుతూ, పైన రెండో భాగం పేరు కనిపించేలా వీడియో తీసి పంపాను. దానికి జవాబు లేదు. కొన్నాళ్లకు ‘మీ సమస్య పరిష్కారమైంది, టికెట్ మూసేశాం’ అని మెసేజ్, కిందే రేటింగ్ ఇమ్మని ఐదు నక్షత్రాలు. అప్పటికప్పుడు టీవీ పెట్టి చూశాను. అదే మొదటి భాగం.

చివరగా మాట్లాడినాయన ‘పిల్లల కార్టూనే కదా సార్, వేరే ఎపిసోడ్ చూడండి’ అన్నాడు. ఆ మాటకి ఒళ్లు మండింది.

ఆ ఎపిసోడ్ ఎందుకు పుట్టిందో మీవాళ్లకు తెలుసా? ఈ సిరీస్‌పై వచ్చిన 1986 సినిమాలో హీరో రోబో ఆప్టిమస్ ప్రైమ్‌ని చంపేస్తే అమెరికాలో పిల్లలు తట్టుకోలేక బొమ్మల కంపెనీకి ఉత్తరాలు రాశారు. కంపెనీ దిగొచ్చి, 1987లో ఈ రెండు భాగాల్లో ఆయన్ని మళ్లీ బతికించింది. ద్వేషం అంటురోగమై, ముట్టుకుంటే చాలు పాకిపోయే కథ అది. రెండో భాగంలోనే ప్రైమ్ మ్యాట్రిక్స్ అనే మహిమగల వస్తువు తెరిచి ఆ రోగాన్ని వదిలిస్తాడు, బద్ధశత్రువు గాల్వట్రాన్ వచ్చి చేయి కలుపుతాడు. మా అబ్బాయికి చూపించాలనుకున్నది ఆ చేయి కలిపే ఘట్టమే. వాడు మొదటి భాగం దగ్గరే ఆగిపోయి రోజూ అడుగుతున్నాడు.

చిన్నపిల్లల ఉత్తరాలు చదివి చచ్చిన హీరోనే వెనక్కి తెచ్చారు వాళ్లు. డబ్బు కట్టి చూస్తున్న నా మెయిల్ ఒక్కటి మీరు చదవలేరా?

మీరు కొత్తగా వచ్చినప్పటినుంచీ ఏటేటా ప్లాన్ రెన్యూ చేస్తున్నాను. రేట్లు పెంచినా మానలేదు. మా బావగారి ఇంట్లో, ఆఫీసులో ఎంతోమందితో నేనే పట్టుబట్టి తీసుకునేలా చేశాను. ఇప్పుడు వాళ్లకి ఏం చెప్పమంటారు?

ఆ వీడియో సరిచేయండి. అసలు చూడకుండానే టికెట్ మూసినవాళ్లతో నాకు సమాధానం చెప్పించండి. ఇన్నాళ్ల ఇబ్బందికి ఏం ఇస్తారో మీరే రాతపూర్వకంగా తెలపండి. ఈసారీ ‘పరిష్కారమైంది’ అని మెసేజ్ వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేస్తాను. అక్కడా తేలకపోతే వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. చాట్‌లన్నీ, మీ మెసేజ్‌లన్నీ దాచిపెట్టాను.

ఇట్లు,
మీ పాత చందాదారుడు, హైదరాబాద్